పంపు ఆపినప్పుడు

ఆదివారం పొద్దున అందరిళ్ళలో కాస్త ఆలస్యంగా తెల్లవారుతుంది. మా ఇంట్లో గాజు ట్యాంకులో పెంచే సముద్రపు చేపల కోసం నేను ముందే లేస్తాను. నిన్న డ్రమ్ములో ఉప్పు కలిపి పెట్టిన నీళ్ళు ట్యాంకులో నీళ్ళంత వెచ్చగా ఉన్నాయో లేదో, ఉప్పదనం సరిపోయిందో లేదో చూసుకోవాలి. పంపు ఆపి, పాత నీళ్ళు పైపుతో బకెట్లలోకి లాగి, స్నానాలగదిలో పారబోసి, కొత్తవి మోసుకొచ్చి పోయాలి. ఉప్పు కాస్త అటూ ఇటూ అయినా చేపలతోపాటు అందులో పెరిగే పగడాలు ముడుచుకుపోతాయి. అవి అంత సుకుమారం. నా నడుము మాత్రం సుకుమారం కాదని ఈ ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం.

ట్యాంకు మా ఆయనది. కొన్నదీ ఆయనే, వచ్చినవాళ్ళకు చూపించేదీ ఆయనే. సొమ్మొకడిది సోకొకడిది అంటారు గానీ, ఇక్కడ సొమ్మూ సోకూ రెండూ ఆయనవే, చాకిరీ ఒక్కటే నాది. "ఈ చేపల మీదున్న శ్రద్ధ మా మీదుంటే ఎంత బావుండేదమ్మా" అంటూ అత్తగారు సోఫాలోకి కాళ్ళు ముడుచుకుని నా బకెట్‌కు దారిస్తారు.

నేను ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. కొత్త స్కానింగ్ మిషను వస్తోంది. దాని పని నేర్చుకోవడానికి వేరే ఊళ్ళో నెల రోజులు ఉండాలి. పెద్ద డాక్టరమ్మ నన్నే పంపాలనుకుంటున్నారు. ఈ సాయంత్రంలోగా చెప్పకపోతే ఇంకొకరిని పంపుతారు. ఆయనతో అంటే, "వెళ్ళు, నేనేమన్నా వద్దన్నానా? కానీ నీళ్ళెవరు మారుస్తారు?" అన్నాడు. అన్నం సంగతి కాదు, తన తల్లి మందుల సంగతి కాదు, నీళ్ళు! నేర్పిస్తానన్నాను. "బకెట్లు మొయ్యడం కూడా నేర్చుకోవాలా?" అని నవ్వాడు. ఆ నవ్వుకు నా ఒళ్ళు మండిపోయింది. వారం నుంచీ మండుతూనే ఉంది.

ట్యాంకు కింద అలమరలో సంప్ అని ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది. పై నీళ్ళు అందులోకి దిగి, శుభ్రపడి, పంపు ద్వారా మళ్ళీ పైకెళ్తాయి. పంపు ఆపితే పైనున్న నీళ్ళు కొన్ని కిందికి దిగుతాయి కాబట్టి సంప్‌ను ఎప్పుడూ నిండా నింపకూడదు. ఎంతవరకు పొయ్యాలో ఎర్ర టేపు అంటించి పెట్టాను. ఈ రోజు నేను పని ముగించి పంపు వేశాక, స్నేహితుడు వస్తున్నాడని ఆయన ఆ టేపు పీకేశాడు. "ఏంటిది, సగం ఖాళీగా, దరిద్రంగా" అంటూ డ్రమ్ములో మిగిలిన నీళ్ళన్నీ సంప్‌లో కుమ్మరించాడు.

"అంత పొయ్యకండి, పంపు ఆపితే పొంగుతుంది."

"నాకు తెలుసులేవోయ్."

స్నేహితుడొచ్చాడు. పగడాలు చూసి నోరెళ్ళబెట్టాడు. "ఇదంతా ఎవరు చూసుకుంటార్రా?"

"ఎవరు చూసుకోవడమేంట్రా, అంతా దానంతటదే. ఆటోమేటిక్."

పాత నీళ్ళతో తడిసిన నా చీర కుచ్చెళ్ళు ఇంకా ఆరలేదు. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో నా పేరు ఇదన్నమాట, ఆటోమేటిక్.

చేపలు మేత తినడం చూపిస్తానని, మేత కొట్టుకుపోకుండా ఆయన పంపు ఆపాడు. కాసేపటికి అలమర తలుపుల కిందనుంచి నీళ్ళు వచ్చాయి. తివాచీ తడిసింది. అత్తగారు కాళ్ళు పైకి లాక్కున్నారు. స్నేహితుడు బూట్లు చేత్తో పట్టుకుని, "చెల్లెమ్మా, చెల్లెమ్మా" అని కేకలు.

"ముందు పంపు వెయ్యండి" అన్నాను. వేశాడు. నీళ్ళు ఆగాయి. ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. నా కాళ్ళు అలవాటుగా వంటింటి వైపు రెండడుగులు వేశాయి కూడా. ఆపేశాను. వెనక్కొచ్చి, కుర్చీలో కూర్చుని, డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

"నేను వెళ్తాను మేడమ్."

నీళ్ళలో నిలబడిన మా ఆయన నన్నూ నేలనూ మార్చి మార్చి చూశాడు. చివరికి, "మాప్ ఎక్కడుంటుంది?" అని అడిగాడు.

చెప్పాను. చెప్పి, లేవకుండా కూర్చున్నాను.