చేతిలో ఏముంది

ఆ పొద్దున రేపల్లె దగ్గర రేవులో ఉన్నది ముగ్గురే: బసవమ్మ, ఆమె మొగుడు యలమంద, తమ్ముడు శివనాగరాజు. ఇకనుంచి వేరేవాళ్ల పడవ మీద వేటకు పోతానని తమ్ముడు చెప్పాడు. వేట నేర్పిన నన్నే వదిలిపోతావా అని యలమంద మండిపడ్డాడు. మాటా మాటా పెరిగింది. అతని చెయ్యి లేచింది. శివనాగరాజు మొహం పట్టుకుని బురదలో కూలబడ్డాడు. ఐసుగడ్డలు లాగే ఇనప కొక్కేన్ని యలమంద నీళ్లలోకి విసిరేయడం బసవమ్మ చూసింది.

"చేత్తోనే కొట్టానండి" అన్నాడు యలమంద పోలీసులతో. చిన్న కేసు రాసుకుని స్టేషన్‌లోనే బెయిలిచ్చి పంపేశారు. కానీ తెనాలి ఆసుపత్రిలో డాక్టరు ఆ కంటికి ఇక చూపు రాదని తేల్చేశాడు. పోలీసులు కేసు మళ్లీ కదిపారు.

బాపట్లలో యలమంద తరఫు లాయరు పద్మజ బసవమ్మకు ఏదీ దాచకుండా చెప్పింది. "చూడమ్మా, కన్ను పోయింది కాబట్టి కేసు ఎలాగూ పెద్దదవుతుంది. అయినా ఉత్త చేత్తో కొడితే ఒక లెక్క. ప్రాణం తీయగల ఇనప వస్తువుతో కొడితే యావజ్జీవం దాకా పోవచ్చు. దేంతో కొట్టాడో మీ తమ్ముడు చూళ్లేదంటున్నాడు. ఇక చూసింది నువ్వే."

"మరేం చెప్పమంటారండి?"

"అబద్ధం చెప్పమని మాత్రం నేను అనను."

ఇంటికొచ్చాక యలమంద ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. పెళ్లయ్యాక అలా కూర్చోవడం అదే మొదలు.

"కావాలని కొట్టలేదే. కొక్కెం చేతిలో ఉందన్న సంగతే మర్చిపోయా."

అది నిజమేనని ఆమెకు అనిపించింది. "ఆ మాటే చెబుదాం ఇన్‌స్పెక్టర్ సార్‌తో" అంది. అతను తల అడ్డంగా ఊపాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ అడిగాడు. "మీ ఆయన చేతిలో ఏముందమ్మా?"

కట్టు కట్టిన తమ్ముడి మొహం బసవమ్మ కళ్లముందు నిలిచింది. తల్లి పోయినప్పటినుంచి వాడికి అన్నం కలిపి పెట్టింది తనే.

"కొక్కెం అండి. ఐసు లాగేది. వాడి కంటి మీద పడటం చూశాను. మా ఆయన కావాలని కాదంటున్నాడండి, అదీ రాసుకోండి."

ఆరోజే యలమందను మళ్లీ పట్టుకెళ్లారు. సెక్షన్ మార్చారు. జీపెక్కుతూ అతను వెనక్కి చూడలేదు.

ఆమె తెనాలి వెళ్లి తమ్ముడికి జరిగింది చెప్పింది.

"కొక్కెం నేనూ చూశాను" అన్నాడు వాడు. "నీ మొహం చూసే చూళ్లేదన్నాను. ఎందుకు చెప్పావక్కా?"

బసవమ్మ వాడి చెయ్యి పట్టుకోబోయింది. వాడు ఉన్న ఒక్క కన్నూ మూసుకుని గోడవైపు తిరిగాడు.