ఆకుపచ్చ చుక్కలు

డబ్బాల కింద కాగితాలు మార్చమని అత్తగారు చెప్పి నాలుగు రోజులైంది. ఇవాళ పదకొండింటికి కోడలి సంతకం కోసం ప్లీడరు ఇంటికొస్తాడు, కేసు పడ్డ ఇల్లు అద్దంలా ఉండాలని ఆవిడ పట్టు. అరల మీది మురికి కూడా నేరాల్లో రాసుకుపోతారేమోనని ఆవిడ బెంగ. కోడలు స్టూలెక్కి పప్పు డబ్బా దించింది, ఉప్పు జాడీ దించింది, చీమలు పట్టిన పంచదార డబ్బా దించింది. అరల మీద పరిచేవి ఏనాడూ కొన్న కాగితాలు కావు. నెలకోసారి ప్రెస్సు నుంచి చిత్తు ప్రూఫులు కట్టగా వస్తాయి. ఒకవైపే అచ్చుంటుంది గనక తెల్లవైపు పైకి పెట్టి పరుస్తారు. అచ్చు మొహం చెక్కని చూస్తుంటుంది, తెల్ల వీపు డబ్బాలు మోస్తుంటుంది.

పద్దెనిమిదేళ్ళుగా ఆ ప్రూఫులన్నీ దిద్దింది ఆమే. పొయ్యి మీద ఏదో ఉడుకుతుంటే, పీట మీద కూర్చుని, స్కేలు ఒక్కో వరస కింద జరుపుకుంటూ చదివేది. పుస్తకం మీద ఆమె భర్త పేరుండేది, ప్రచురణకర్త అని. ఒక్కసారి మాత్రం ముందుమాటలో ఈమె గురించి ఒక వాక్యం పడింది: వేళకి టీ అందించిన నా శ్రీమతికి కృతజ్ఞతలు. ఆ వాక్యంలో ఒక అచ్చుతప్పు దొర్లితే దాన్నీ ఆమే దిద్దుకుంది.

కింది కాగితం జిగురుపట్టి చెక్కకి అంటుకుపోయింది. గోటితో ఒక మూల లేపి, మెల్లగా ఒలిచి, తిరగేసింది. తిరగేసిన చేయి అలాగే ఆగిపోయింది.

అది కేసు తెచ్చిపెట్టిన పుస్తకంలోని పేజీ. ఆనకట్ట తలుపులు ఎత్తుతున్న సంగతి కింది ఊళ్ళకి ముందుగా చెప్పవద్దని సర్కారు వాళ్ళు రాసుకున్న రహస్య పత్రం. నూట పన్నెండు మంది నీళ్ళలో పోయారు. ఆ పత్రాన్ని ఆఫీసు రికార్డుల గది నుంచి తెచ్చిచ్చింది అక్కడి గుమాస్తా పిల్ల. ఇంట్లో అందరూ ఫైళ్ళమ్మాయి అనేవారు. ఒక మధ్యాహ్నం వచ్చి, ముందు గదిలో ఆయనతో మాట్లాడి, తిన్నగా వంటింట్లోకొచ్చి గోడకానుకుని నిలబడింది. మంచినీళ్ళిస్తే గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంది.

"వదినా, అన్నయ్యకి చెప్పాను గానీ నీకూ చెబుతున్నా. ఆ మూల చేత్తో రాసిన తొమ్మిది ఉంది చూడు. ఒక్కో ప్రతికీ ఒక్కో అంకె వేస్తారు. తొమ్మిది నా బల్ల మీదికొచ్చింది. అది బయటికొస్తే నేను దొరికిపోయినట్టే."

"అచ్చయ్యే ప్రతి అక్షరం నా చేతి మీదుగానే పోతుంది. నేను చూసుకుంటాను, వెళ్ళు," అందామె.

పుస్తకం వచ్చింది. పత్రాన్ని ఉన్నదున్నట్టు ఫొటో తీసి వేశారు. కింద మూలన తొమ్మిది, బుగ్గ మీద పుట్టుమచ్చలా. నాలుగో రోజున ఆ పిల్లని ఆఫీసు మెట్ల మీదే పట్టుకున్నారు. ఆరో రోజున ఆయన్నీ తీసుకెళ్ళారు. ఆయనకి నెలకి బెయిలొచ్చింది, ఆ పిల్లకి ఎనిమిది నెలలైనా రాలేదు. అంకె దాచమన్న షరతు మీదే కాగితమిచ్చానని ఆ పిల్ల కోర్టులో మొత్తుకుంటోంది. అలాంటి షరతేమీ లేదు, పేరుకోసం అంతా కలిసి ఆడిన నాటకమని సర్కారు ప్లీడరంటున్నాడు.

బెయిలు మీద ఇంటికొచ్చిన రోజున ఆయన చెప్పులైనా విప్పకుండా అడిగాడు. నువ్వు చూశావు కదా, తొమ్మిదిని ఎలా వదిలేశావు అని. చూశానండీ, కప్పినట్టే గుర్తు అంది. గుర్తేమిటి, అచ్చులో కనబడుతుంటే అన్నాడు. తర్వాత భుజం మీద చెయ్యేసి, పోనీలే, ఎవరికైనా జరుగుతుంది, నేనెక్కడా నీ పేరెత్తనులే అన్నాడు. ఆ క్షమాభిక్షని ఆమె ఏడు నెలలుగా తింటోంది. కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళి అద్దాలు మార్పించుకుంది. పాత అద్దాలకేం లోటు లేదమ్మా అన్నాడు డాక్టరు. అయినా మార్పించుకుంది. కూతురి హోంవర్కు చూడ్డానికి కూడా భయపడేది. మా వాడికి కళ్ళు నువ్వేననుకున్నాం, ఆ కళ్ళే మమ్మల్ని ముంచాయి అనేది అత్తగారు, అన్నం వడ్డించుకుంటూ.

వీధి సంగతి సరేసరి. ప్రహరీ మీద బొగ్గుతో దేశద్రోహులని రాశారు. కడిగింది ఆమే. పాలవాడు గేటు దాటి రావడం మానేశాడు. కొట్టువాడు చిల్లర ఇస్తూ, ఏ దేశం వాళ్ళు పంపుతున్నారమ్మా అని నవ్వేవాడు. అదివరకు ఆయన్ని సభలకి పిలిచినవాళ్ళే, ఆ పిల్లనప్పగించి బెయిలు తెచ్చుకున్నాడని చెవులు కొరుక్కునేవారు. ఆ మాట మోసుకొచ్చిన తోటికోడలితో ఆమె పోట్లాడింది. మా ఆయన అలాంటివాడు కాడు, తప్పు నాది అని నలుగురిలో ఒప్పుకుంది.

ఇప్పుడా కాగితం ఆమె చేతిలో ఉంది. తొమ్మిది మీద అడ్డంగా తెల్ల పట్టీ, తను అంటించిందే. పక్కన తన ఎర్ర సిరా: "ఇది కప్పాలి. ఆ పిల్లకి మాటిచ్చాం." ఆ పట్టీని ఎవరో సగం పీకారు. తన ఎర్ర మాటల్ని ఒక గీతతో కొట్టేశారు. తొమ్మిది కింద వరసగా ఆకుపచ్చ చుక్కలు. కొట్టేసినదాన్ని ఉన్నట్టే ఉండనివ్వమని చెప్పడానికి అచ్చు పనిలో పెట్టే చుక్కలు. ఆ ఇంట్లో ఆకుపచ్చ సిరా వాడే మనిషి ఒక్కడే. చుక్కల పక్కన ఆయన దస్తూరీ: "ఉండాలి. లేకపోతే దొంగ పత్రమంటారు."

ఆమె స్టూలు మీదే కూర్చుంది. ఏడుపు రాలేదు. ఆయన తప్పు చేశాడన్నది ఒక ఎత్తు. తనని కళ్ళజోడు మార్పించుకోనిచ్చాడే, అది మింగుడు పడలేదు. సోదాకొచ్చిన పోలీసులు బీరువాలు, కంప్యూటర్లు, పిల్ల నోటుపుస్తకాలు కూడా మోసుకుపోయారు. పెద్ద అధికారి వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసి, ఇక్కడేముంటాయి, పప్పూ ఉప్పూ అని వెనక్కి తిరిగాడు. ఆయనా అంతే. ఈ కాగితం ప్రెస్సు పొయ్యిలో పడిందనుకున్నాడు కాబోలు. తన వంటింటి అరల మీద ఏముందో పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారైనా చూసిన మనిషైతే కదా.

పదకొండింటికి ఇంకా గంటన్నర ఉంది. కాగితం మడత పడకుండా పిల్ల డ్రాయింగు అట్టల మధ్య పెట్టి, పైన చీర కొంగు కప్పుకుని బయల్దేరింది. అరలు అలా వదిలేసి ఎక్కడికే అని అత్తగారు అడిగితే, ఇప్పుడే వస్తానంది. ఫైళ్ళమ్మాయి తరఫు ప్లీడరమ్మ ఆఫీసు రెండు వీధుల అవతల, దర్జీ కొట్టు మీద. ప్లీడరమ్మ కాగితాన్ని ముందూ వెనకా చూసి, మెల్లగా బల్ల మీద పెట్టింది.

"దీంతో మీ ఆయన కేసు ముదురుతుంది, తెలుసా?"

"తెలుసండీ. ముట్టినట్టు రాసివ్వండి."

ఇంటికొచ్చేసరికి ప్లీడరూ ఆయనా ముందు గదిలో ఉన్నారు. ఆమె టీ పెట్టి ఇచ్చింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే ఎదురు కుర్చీలో కూర్చుంది. ఆయన వింతగా చూశాడు. ప్లీడరు టైపు చేసిన కాగితం ముందు పెట్టి, భయమేం లేదమ్మా, మామూలు వాంగ్మూలమే, చివర సంతకం చాలన్నాడు. నువ్వు పెడితే నేను కావాలని చేశానన్నది పోయి పొరపాటవుతుంది, పైగా ఆడవాళ్ళని ఎవరు జైల్లో పెడతారు అన్నాడు ఆయన.

"ఆ పిల్ల ఆడది కాదా?" అందామె.

లోపలికెళ్ళి స్కేలు తెచ్చుకుంది. ఒక్కో వరస కింద జరుపుకుంటూ చదివింది. నేనే ప్రూఫులు చూశాను. పొరపాటున నేనే అంకె వదిలేశాను. దాన్ని కప్పమని మాకెవరూ చెప్పలేదు. ఆయన మోకాలు ఆడిస్తున్నాడు. చదివేదేముంది, నిన్ననే చెప్పాను కదా అని విసుక్కున్నాడు.

"రెండు తప్పులున్నాయి," అంది.

"అచ్చుతప్పులే కదా? దిద్దేసి పెట్టు."

ఎర్ర పెన్ను తీసింది. రెండో వాక్యంలో పొరపాటున అన్నది కొట్టేసింది, నేనే అన్నది కొట్టేసి పైన మా ఆయనే అని రాసింది, వదిలేశానుని వదిలేశాడుగా దిద్దింది. మూడో వాక్యం మొత్తం కొట్టేసి, పక్కన, "ఆ పిల్ల చెప్పింది. నేను మాటిచ్చాను," అని గుండ్రంగా రాసింది. కాగితం ఆయనవైపు జరిపింది. దాని మీద ప్లీడరమ్మ ఇచ్చిన రసీదు పెట్టింది.

ఆయన రసీదు చదివాడు. తలెత్తి వంటింటివైపు చూశాడు. అక్కడ అర బోసిగా ఉంది, డబ్బాలు నేల మీద ఉన్నాయి.

"చూసుకోండి," అందామె. "నేను కొట్టేసింది ఉండాలనిపిస్తే, కింద చుక్కలు పెట్టండి. మీకలవాటే."