బల్ల ముందర చెప్పాల్సిన మాట

"తలనొప్పని ఇంగ ఎన్ని పూటలు తప్పించుకుంటావు? వంతంటే వంతే," అంది గురమ్మ చాప మీద కాళ్లు చాపుకుంటూ. "మొన్న నా కొడుకు చేసినాడు, నిన్న పండ్లు లేని నేను చేసినా. ఈపొద్దు నీదే."

"బాగలేదత్తా అంటాంటే వినవేంది?" శాంతకుమారి లాంతరు చిమ్నీ తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది.

"బాగలేనోళ్లే కదమ్మా ప్రార్థన చేసేది. బాగుండేటోళ్లకు దాంతో ఏం పని?"

"వదిలెయ్ మా, నేనే చేస్తా," అన్నాడు దేవసహాయం. మిషను బడిలో పంతులు, సంఘంలో పెద్ద. మర్నాడు నెలలో మొదటి ఆదివారం, గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. ప్రభువు బల్ల దగ్గర గిన్నె అందించేది ఆయనే.

"నువ్వు మొదలుపెడితే ఆదాము కాడ్నుంచి రావాల. సంగటి సల్లారిపోతది. నీ పెండ్లామైతే బస్సు కండక్టరు మాదిరి. 'నీ చిత్తమైతే దీవించు, ఆమెన్' అని టిక్కెట్టు చించి చేతిలో పెడతది."

ప్రొద్దుటూరు నుంచి ప్రతి శనివారం వచ్చే అల్లుడు యేసుదాసు నవ్వాపుకోలేక తల వంచుకున్నాడు. మగ్గం మీద ఆరురోజులు నేసి వచ్చే మనిషికి ఈ ఇంట్లో నవ్వే సందు దొరకడం ఈమధ్య తక్కువే.

నులకమంచం మీద పడుకున్న సుశీల మాత్రం నవ్వలేదు. ఏడో నెల. ముందు రెండు కాన్పులూ ఇదే నెలలో పోయినాయి. పాదాలు ఉబ్బి, వేలుతో నొక్కితే గుంట పడి అట్లాగే నిలుస్తున్నాయి. ఆసుపత్రి డాక్టరమ్మ ఉప్పు మాన్పించి, మంచం దిగొద్దని చెప్పి పంపింది. అంతకుమించి ఆమె ఏమీ చెప్పలేదు. అదే అందరికీ భయం.

"మా," అంది సుశీల. "అందరూ నా పేరు పెట్టి అడిగినారు. పక్కింటి రహమత్‌బీ పెద్దమ్మ కూడా వాళ్ల నమాజులో అడుగుతాండానంది. నువ్వు ఒక్కసారన్నా నా పేరెత్తలే. నామీద కోపమా?"

చిమ్నీ శాంతకుమారి చేతిలో ఆగిపోయింది.

"కోపమేంది తల్లీ."

"అయితే ఈపొద్దు అడుగు. గట్టిగా అడుగు. మొన్న అయ్యగారు చెప్పినాడు గదా, బిడ్డ తండ్రిని అడిగినట్ల ధైర్యంగా అడగాలని."

పాస్టరు అయ్యగారు ప్రసంగంలో ఆ మాట చెప్పినప్పుడు శాంతకుమారి గుడిలో ఆడవాళ్ల వరసలో కూర్చునే ఉంది. ధైర్యంగా అడగమన్నాడు, నిజమే. తండ్రి మాట విన్న బిడ్డకే ఆ ధైర్యం వస్తుందని కూడా అన్నాడు. సుశీలకు మొదటి సగమే గుర్తుంది. తల్లికి రెండోది గుండెలో ముల్లులా దిగబడి ఉంది.

ఆరేండ్ల కిందటి మాట. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడు అది. సుశీలకు పదిహేనేండ్లు. పులివెందులలో పిన్నమ్మ వసంతమ్మ ఇంట్లో ఉండగా టైఫాయిడు వచ్చింది. వసంతమ్మ మొగుడు లేని మనిషి. సంఘం తరఫున ఊరూరా తిరిగి బైబిలు వాక్యం చెప్పే పని ఆమెది. శాంతకుమారి పరుగున పోయింది. పోతూ పోతూ, పక్కింటి రహమత్‌బీ దర్గా నుంచి తెచ్చిచ్చిన నల్లదారం కొంగున ముడేసుకుపోయింది. బిడ్డ ఒంటిమీద స్పృహ లేకుండా పడుంటే ఆ దారం రెట్టకు కట్టింది. వసంతమ్మ చూసి, "వద్దక్కా" అంది. అంతే అంది.

జ్వరం తగ్గింది. ప్రార్థనకు వచ్చిన అయ్యగారి కంట దారం పడింది. వాక్యం చెప్పే మనిషి ఇంట్లో తాయెత్తు దారం! సంఘ పెద్దలు జమ్మలమడుగులో కూర్చుని విచారించారు. "నీకు తెలుసా అమ్మా?" అని అడిగితే, పెద్దల వరసలో కూర్చున్న మొగుడి ముఖం చూసి, "నాకు తెలీదయ్యగారూ" అంది శాంతకుమారి. వసంతమ్మ అక్క వైపు ఒకసారి చూసింది. ఆ తర్వాత ఎవరేమడిగినా నోరు విప్పలేదు.

వసంతమ్మను ఏడాది బల్లకు దూరం పెట్టారు. పని తీసేశారు. ఏడాది గడిచినా వసంతమ్మ తిరిగి గుడి మెట్లెక్కలేదు. ఇప్పుడు పులివెందుల దగ్గరే సింహాద్రిపురం దిక్కు చెనక్కాయ చేన్లలో కూలికి పోతుందని విన్నారు. రాసిన రెండు ఉత్తరాలకూ జవాబు లేదు. ఆ ఉత్తరాల్లో శాంతకుమారి రాసింది కూడా క్షేమసమాచారాలే.

ఇప్పుడామె లాంతరు వెలిగించి, చాప మీద మోకరించింది. అందరూ కళ్లు మూసుకున్నారు.

"ప్రభువా, మా సుశీలను..."

తర్వాత నోటికి వచ్చింది పాత మాటే. నీ చిత్తమైతే. ఆరేండ్లుగా ఆ మాట వెనక తను నక్కి కూర్చుంది. ఆయన చిత్తమేందో ఆమెకు తెలియక కాదు. నిజం ఒప్పుకోమనే ఆ తెలిసిన చిత్తాన్ని పక్కన పెట్టి, తెలియనిదాని గురించి అడుగుతూ వచ్చింది.

ఈసారి ఆ మాట అనకుండా కళ్లు తెరిచింది. వీధిలో ఎవరో ఎద్దును అదిలిస్తున్నారు. గురమ్మ ఒక కన్ను తెరిచి చూసింది.

"ఏమైందే?"

"నేను చేయలేనత్తా." శాంతకుమారి మోకాళ్ల మీంచి లేచి కూర్చుంది. "ఆ దారం కట్టింది వసంత కాదు. నేను."

ఏ దారమని ఎవరూ అడగలేదు. యేసుదాసుకు కూడా ఆ కథ తెలుసు. దేవసహాయం కళ్లద్దాలు తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"మెల్లగా మాట్లాడు," అన్నాడు. "బయట జనం తిరుగుతాండారు."

"ఆరేండ్లు మెల్లగానే ఉన్నా."

"నాతో అన్నా చెప్పింటే..."

"మీ మొగం చూసే కదా అబద్ధమాడింది."

గురమ్మ కాళ్లు ముడుచుకుంది.

"పిన్నమ్మ నన్ను సాకింది మా," అంది సుశీల గోడ వైపు తిరిగి. మళ్లీ తల్లి వైపు తిరిగి, "నువ్వు చెప్పేస్తే ఈ బిడ్డ నిలుస్తాదా?" అని అడిగింది.

అవునందామని శాంతకుమారి నోటిదాకా వచ్చింది. అదీ అబద్ధమే అవుతుంది.

"తెలీదు తల్లీ. బిడ్డకోసం చేసే బేరం కాదిది. నీ పేరెత్తి అడిగేదానికి నాకు మొగముండాల."

ఆమె లేచి, పొయ్యి పక్కని వేడినీళ్ల పొంత కుండ మీది గుడ్డ సర్దింది. సంగటి ముద్దలు తలా ఒకటి పళ్లేల్లో పెట్టింది, సుశీలకు మాత్రం ఉప్పులేని గంజి. అప్పుడు, ఇంట్లో చింతపండు అయిపోయిందని చెప్పినంత మామూలుగా, ఎవరి ముఖమూ ప్రత్యేకించి చూడకుండా అంది:

"నేను రేపు బల్లకు రాను. పొద్దున్నే పులివెందుల బస్సుకు పోతాండా. వసంత తలుపు తీయకుంటే వాకిట్లో కూచుంటా. పై ఆదివారం సంఘం ముందర లేచి నేనే చెప్తా. దూరం పెడితే పెట్టనీ."