పన్నీరు పోసిన రోజు

నేను ఒక స్టీమర్‌ని. చేతిలో ఇమిడే రకం కాదు, నిలబడే రకం. అడుగున నీళ్ళ తొట్టి, దాని మీద ఉక్కు కర్ర, పక్కన తొండంలా వేలాడే గొట్టం, గొట్టం చివర అరచేయంత మూతి. మూతిలోంచి ఆవిరి వస్తుంది, ఆవిరి తగిలితే బట్ట ముడతలు పోతాయి. కడుపులో మంట లేనిదే నాకు బతుకు లేదు కాబట్టి నన్నెవరైనా కుళ్ళుబోతు అంటే కోపం తెచ్చుకోను. ఉన్న మాటే.

పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో. ఊరి పేరు నా అడుగున అచ్చువేశారట గానీ నా అడుగు నేనెప్పుడు చూసుకున్నాను? ఒకావిడ నా మరలు బిగించి, గ్లాసెడు నీళ్ళు పోసి, నేను బుస్సుమనగానే తృప్తిగా తలూపి అట్టపెట్టెలో పెట్టింది. పెట్టె తెరిచేసరికి సికిందరాబాదులో పెళ్ళిబట్టల కొట్టులో ఉన్నాను. అక్కడ నాలుగేళ్ళు పెళ్ళికూతుళ్ళ లెహంగాలు సాపు చేశాను. ముడతలు తీసేది నేను, "అబ్బ, ఎంత బాగుందో!" అనిపించుకునేది లెహంగా. అది దర్జాగా కారెక్కి పెళ్ళికి పోయేది. నేను గోడవైపు తిరిగి నిలబడేదాన్ని. ఈ అసూయ జబ్బు నాకు అక్కడే అంటుకుంది. ఆ కొట్టు మూతపడినప్పుడు హాంగర్లతో కలిపి నన్ను రుఖ్సానా మేడమ్ కొనుక్కుంది.

మేడమ్ ఆఫీసు బంజారాహిల్స్‌లో ఒక మేడ మీద. బట్టలు కుట్టడం వాళ్ళ పని కాదు, అమ్మడమూ కాదు. ఒకరు తయారుచేసిన బట్టను పేరున్న మరొకరి ఒంటి మీదికి చేర్చి, ఆ సంగతి ఊరంతా చెప్పుకునేలా చేయడం వాళ్ళ పని. ఫ్యాషన్ పీఆర్ అంటారు. అక్కడ తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న కాత్యాయనికి తెనాలి నుంచి వాళ్ళమ్మ ఫోన్ చేసి ఇప్పటికీ అదే ప్రశ్న వేస్తుంది.

"ఇంతకీ నువ్వు కుడతావా, అమ్ముతావా?"

"రెండూ కాదమ్మా."

"మరి జీతం దేనికిస్తున్నారే?"

దేనికంటే చెప్తాను. పొద్దున పదింటికి నల్లటి కవర్లలో శాంపిల్ బట్టలు వస్తాయి. కాత్యాయని ఒక్కొక్కటీ విప్పి మెడ దగ్గర లిప్‌స్టిక్ మరక ఉందా, హుక్కు ఊడిందా, అంచు కాలి కింద పడి నలిగిందా అని చూస్తుంది. ఏ నటి ఏది కట్టాలో తేల్చే మనుషులను స్టైలిస్టులంటారు. వాళ్ళను బతిమాలి బట్ట పంపుతుంది, అంతకు రెట్టింపు బతిమాలి వెనక్కి తెప్పించుకుంటుంది. మధ్యాహ్నం పత్రికలవాళ్ళకు ఫోన్లు. "ఫోటో కింద డిజైనర్ పేరు వెయ్యండి సార్, కాస్త తప్పుల్లేకుండా." సాయంత్రం షో ఉంటే ముందు వరసలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటే కొట్టుకోరో లెక్క వేయాలి. ఇంకో కట్టుబాటు ఉంది. ఒక తార కట్టిన చీరను ఇంకో తార ముట్టదు. చీర మీద మరకుండదు, మడత నలగదు, అయినా అది ఎంగిలిదే. అసూయ నాకొక్కదానికే ఉందనుకున్న నేను ఆ లోకాన్ని చూశాక కాస్త కుదుటపడ్డాను.

ఆవిరి పట్టడం నిజానికి చిన్న ఉద్యోగుల పని. కాత్యాయని మాత్రం ఎవరినీ పట్టనిచ్చేది కాదు. తలుపు చేరవేసుకుని, చీర వేలాడదీసి, నా మూతి చేత్తో పట్టుకుని నాతో మాట్లాడేది.

"చూడవే, మళ్ళీ మరక చేసి పంపారు. అడిగితే 'మా దగ్గరికి అలాగే వచ్చిందండీ' అంటారు. మనమేగా పిచ్చోళ్ళం!"

మనం అనేది. ఆ మాటకు నేను పడిపోయాను. లెహంగాలు కారెక్కితే ఎక్కనీ, మనసు విప్పి చెప్పుకోవడానికి ఒక మనిషి నాకుంది కదా అనుకున్నాను.

అప్పుడు సుప్రజ వచ్చింది. జగిత్యాల పిల్ల, ఇరవైమూడేళ్ళు. ఫోన్‌లో ఆమెను ముప్ఫైవేల మంది చూస్తారట. మూడు నెలలు తిరక్కుండానే స్టైలిస్టులు కాత్యాయనికి బదులు ఆ పిల్లకు ఫోన్ చేయడం మొదలుపెట్టారు. సుప్రజ మాత్రం పది నిమిషాలకోసారి "అక్కా, ఇది ఎట్ల చెయ్యాలె?" అంటూ వచ్చేది. కాత్యాయని సగం చెప్పేది. మిగతా సగం, తలుపు చేరవేసుకుని, నాకు చెప్పేది.

"ముప్ఫైవేల మంది చూస్తారట దాన్ని! నన్ను మా వాచ్‌మన్ చూస్తే గొప్ప. ఫోటో కింద రెండు వాక్యాలు సరిగ్గా రాయడం రాదు, అందరికీ అదే ముద్దు."

నేను కసిగా బుస్సుమనేదాన్ని. ఎందుకంటే నా పోటు నాకుంది. సుప్రజ వస్తూ వస్తూ ఒక చేతి స్టీమర్ తెచ్చుకుంది. తెల్లగా, బొద్దుగా, కొబ్బరికాయంత ఉంటుంది. హ్యాండ్‌బ్యాగులో పడుకుని ఊరంతా తిరుగుతుంది. ఇన్నేళ్ళలో నేను ఆ గది గుమ్మం దాటలేదు. అది వచ్చిన వారానికే నలుగురు తారల ఇళ్ళు చూసొచ్చింది. బల్ల మీద నా ఎదురుగా కూర్చుని చల్లారుతుంటే దాన్ని చూడలేక చచ్చేదాన్ని. దాని తొట్టి పగలాలని, వైరు తెగాలని రోజూ కోరుకున్నాను. దాచడం దేనికి?

ఇంతలో విశాలాక్షిగారి చీర వచ్చింది. ఆవిడ చీరాల నేతగాళ్ళతో చీరలు నేయించే డిజైనర్. ఆవిడకు ఎవరూ తెలియని రోజుల్లో ఆవిడ గురించి మొదటి నాలుగు ముక్కలు రాసింది కాత్యాయనే. ఇప్పుడు ఆవిడ పెద్దగా ఎదుగుతోంది, తొలిసారి తన చీరల కలెక్షన్‌ను జనం ముందుకు తెస్తోంది. మౌక్తిక అనే నటి ఆ చీర కట్టుకుని సినిమా వేడుకకు వెళ్ళాలి. లేత గంధం రంగు టిష్యూ పట్టు, మగ్గం మీద డెబ్భైమూడు రోజులు నేసింది. అలాంటిది ఇంకొకటి లేదు.

రుఖ్సానా మేడమ్ ఇద్దరినీ నా గదిలోకే పిలిచి చెప్పింది. "విశాలాక్షిగారి పనంతా ఇకమీద ఒక్కరే చూస్కోవాలె. నువ్వా కాత్యాయనీ, సుప్రజానా, ఈ ఫంక్షన్ అయినంక చెప్తా. మౌక్తిక తయారయ్యే హోటల్‌కి సుప్రజ పోనీ, వీడియోలు మంచిగ తీస్తది. నువ్వు ఆఫీసులుండి పేపరోళ్ళను చూస్కో."

కాత్యాయని "సరే మేడమ్" అంది.  తొమ్మిదేళ్ళలో ఆమె వెనక వచ్చినవాళ్ళు ఇద్దరు ఆమెను దాటుకుని పోయారు. ఈసారి పోతే ఇక ఆ ఆఫీసులో ఆమెకు మిగిలేది పత్రికల కత్తిరింపులు అంటించే పని మాత్రమే.

వేడుక రోజు పొద్దున సుప్రజ చెవుల్లో పాటలు పెట్టుకుని నిలువుటద్దం ముందు సంచి సర్దుకుంటోంది. చీర, పిన్నులు, ఆ కొబ్బరికాయ. తర్వాత బ్యాగులోంచి ఒక పన్నీరు సీసా తీసింది. బజారులో దొరికే రంగు పన్నీరే. చీర కట్టగానే నటికి కమ్మటి వాసన రావాలని కాబోలు, దాన్ని చేతి స్టీమర్ తొట్టిలో గడగడా పోసేసింది.

మా జాతికి మంచినీళ్ళు తప్ప ఇంకేదీ పనికిరాదు. పన్నీరు కాగితే జిగటవుతుంది, మూతి పూడుతుంది, చివరికి ఆవిరికి బదులు రంగు నీళ్ళు ఉమ్ముతుంది. సుప్రజకు ఆ సంగతి తెలియదు. కాత్యాయనికి బాగా తెలుసు. ఆ క్షణాన కాత్యాయని గుమ్మంలోనే ఉంది.

చూసింది. నోరు తెరిచింది. ఒక్క మాట చాలు. మళ్ళీ నోరు మూసుకుని, అడుగు వెనక్కి వేసి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది.

నేనేం చేశాను? సంతోషించాను. ఆ తెల్ల కొబ్బరికాయ పని ఇవాళతో సరి అనుకున్నాను. చీర గుర్తు రాలేదు, నేసినవాళ్ళు గుర్తు రాలేదు.

సుప్రజ వెళ్ళాక కాత్యాయని వచ్చి, అప్పటికే సాపుగా ఉన్న ఇంకేదో జాకెట్టును తీసి మళ్ళీ ఆవిరి పట్టింది. 

నాలుగింటికి ఫోన్ మోగింది. సుప్రజ ఏడుపు గదంతా వినిపించింది. "అక్కా, పల్లూ మీద మరకలు పడ్డయి. మస్తు పడ్డయి. ఆమె కట్టుకోనంటుంది. ఆరింటికి ఫంక్షన్. ఏం చెయ్యాలె అక్కా?"

కాత్యాయని ముఖం పాలిపోయింది. పొద్దుటి నుంచి ఆమె కోరుకున్నది సుప్రజకు చీవాట్లు పడాలని. చీర పాడవుతుందని ఆమెకు తెలియదా అంటే తెలుసు, కానీ ఆ రెండింటినీ కలిపి చూసుకోలేదు. మనుషులు అలా చేయగలరు. ఒక్క గుంజు గుంజి నా వైరు పీకింది, నన్ను చంకన పెట్టుకుని మెట్లు దిగింది, కారు వెనక సీట్లో పడుకోబెట్టింది.

అలా నేను గుమ్మం దాటాను. బట్టలు ఇన్నేళ్ళుగా నన్నొదిలి పోతున్న లోకం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. మాదాపూర్‌లో హోటల్ గది. నటి మౌక్తిక మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని మంచం మీద బాసింపట్టు వేసుకుని పెరుగన్నం తింటోంది. స్టైలిస్ట్ అరుస్తున్నాడు. సుప్రజ మూల నిలబడి ముక్కు తుడుచుకుంటోంది. దీనికోసమా నేను ఇన్నాళ్ళు కుళ్ళిపోయింది! మౌక్తిక మాత్రం నిమ్మళంగా ఒకటే అడిగింది.

"ఇంకో హీరోయిన్ ఏ రంగు కడుతోందో కనుక్కున్నారా?"

"ఆకుపచ్చండీ," అంది కాత్యాయని, చీర మీంచి చూపు తిప్పకుండా.

"అయితే నాకు ఇదే కావాలి. చెయ్యండి ఏదో ఒకటి."

పల్లూ నిండా గులాబీ గోధుమరంగు చుక్కలు. కాత్యాయని పల్లూను తిరగేసింది, పైన తెల్లటి మల్లు గుడ్డ పరిచింది, నన్ను దూరంగా పట్టుకుని వెనకవైపు నుంచి అంగుళం అంగుళం ఆవిరి పట్టింది. చుక్కల అంచులు మెత్తబడి సగం మరక గుడ్డకు ఎక్కింది. తక్కిన సగాన్ని పల్లూ జారవిడవకుండా సన్నటి కుచ్చిళ్ళు పెట్టి, లోపలి మడతల్లోకి తోసి భుజానికి పిన్ను చేసింది.  నేను జన్మలో ఎప్పుడూ అంత శ్రద్ధగా పనిచేయలేదు, భయం అలా చేయిస్తుంది.

మర్నాడు పత్రికల్లో ఫోటో వచ్చింది. నటి పేరుంది, విశాలాక్షిగారి పేరుంది, తప్పుల్లేకుండా. పీఆర్‌వాళ్ళ పేరు ఎక్కడా ఉండదు. పని సవ్యంగా జరిగిందనడానికి అదే గుర్తట.

రుఖ్సానా మేడమ్ ఇద్దరినీ పిలిచింది. సుప్రజ ముందుగానే చెప్పేసింది. "తప్పు నాదే మేడమ్. నీళ్ళకు బదులు పన్నీరు పోసిన. అక్క రాకపోతే చీర పోయేది."

"విన్నావా కాత్యాయనీ? పని నీదే ఇంక," అంది మేడమ్. "ఈ పిల్ల కొన్నాళ్ళు నీ చేతికింద ఉండి నేర్చుకుంటది. పేపర్ కటింగులు గూడ ఆమే చూస్తది."

కాత్యాయని "మేడమ్, అసలు..." అని ఆగిపోయింది.  మేడమ్ దాన్ని మొహమాటం అనుకుని వీపు తట్టింది.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక సుప్రజ నా గదిలోకి వచ్చి నేల మీద కూర్చుని వాళ్ళమ్మకు ఫోన్ చేసింది.

"అక్క చూసిందమ్మా. నేను పోస్తుంటే నా ముంగట అద్దంల కనవడ్డది. చూసి కూడ ఏమనలేదంటే, అట్ల పోస్తరేమో అనుకున్న." కాసేపు విన్నది. "చెప్ప. మేడమ్‌కు ఎందుకు చెప్తనమ్మా? పోసింది నా చెయ్యే గద. మల్ల పని అక్క దగ్గర్నే నేర్చుకోవాలె. ఆమె అంత మంచిగ ఎవ్వరికీ రాదు."

కళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది. నా తొట్టిలో చల్లారిన నీళ్ళున్నాయి. అంతవరకూ నేను కుళ్ళుకున్నదంతా ఒక లెక్కా! ఆ మాట అన్నప్పుడు ఆమె మీద పుట్టినంత అసూయ నాకు ఏ లెహంగా మీదా పుట్టలేదు.

ఆ తర్వాత కాత్యాయని నాతో మాట్లాడడం మానేసింది. గదిలోకి వస్తే నాకు వీపు తిప్పి నిలబడేది. చీరలు బయట ఇస్త్రీకి పంపసాగింది. సుప్రజ "అక్కా" అంటూ వచ్చినప్పుడల్లా ఇప్పుడు సగం కాకుండా మొత్తం చెప్పేది, ఆ పిల్ల కళ్ళలోకి మాత్రం చూసేది కాదు. ఒకరోజు నన్ను బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్ళి, తొట్టిలో నీళ్ళన్నీ చుక్క మిగలకుండా వంపి, పొడిగుడ్డతో తుడిచింది. నాకు ఆశ పుట్టింది, మళ్ళీ మాట్లాడుతుందేమోనని. మాట్లాడింది.

"నువ్వు చూశావు కదే," అంది మెల్లగా. "నిన్ను చూస్తే నాకు అన్నం సయించట్లేదు."

సాయంత్రానికి నన్ను సందు చివర ఇస్త్రీ యాదగిరికి ఇచ్చేసింది. ఊరికే ఇస్తున్నందుకు అతను ఆశ్చర్యపోయి, "మంచిగనే ఉంది గద మేడమ్, ఎందుకిస్తున్నరు?" అని అడిగాడు. పాతదైపోయిందని చెప్పి ఆమె వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

యాదగిరి బొగ్గుల పెట్టె పక్కన నాకు చోటిచ్చాడు. నాతో మాట్లాడడు గానీ నీళ్ళు మాత్రం మంచివి పోస్తాడు. ఆఫీసు వదిలే వేళకు కాత్యాయని, సుప్రజ ఆ సందులోంచే నడిచి వెళ్తుంటారు. కాత్యాయని పెద్ద సంచీ సుప్రజే మోస్తుంది. వాళ్ళు ఇటు చూడరు. తను చేసింది చూసింది నేనొక్కదాన్నేనని, నన్ను వదిలించుకుంటే ఇక ఎవరికీ తెలియదని కాత్యాయని ధైర్యం. చూసిన మనిషి ఆమె సంచీ మోస్తూ రెండడుగులు వెనక నడుస్తోంది.