వందన వెంట నడిచిన బండ

వందన రోజూ పొద్దున ఆరింటికి నడకకు బయలుదేరేది. ఫిల్మ్ నగర్‌లో ఒక్కతే అద్దెకుంటోంది. పదిహేనేళ్లుగా హీరోయిన్ల అక్కలకూ స్నేహితురాళ్లకూ డబ్బింగ్ చెబుతోంది. రోజంతా స్టూడియోలో మాట్లాడి ఇంటికొస్తే పలకరించే మనిషి ఉండదు. ఈమధ్య పిలుపులూ తగ్గాయి. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేసి ఏలూరులో వదిన దగ్గరికి వెళ్లిపోదామనుకుంది. వదిన రమ్మనలేదు, వద్దనీ అనలేదు.

ఎదురు స్థలంలో పునాది తవ్వకం మొదలైన వారం, అక్కడున్న నడుమెత్తు బండ ఒకటి ఆమె వెంట నడవసాగింది. చూస్తుంటే కదిలేది కాదు. నాలుగడుగులేసి పక్కకు తిరిగితే అక్కడే ఉండేది, వీపు మీద తొండతో సహా.

"మేడం, మీ బండను జర పక్కకు జరుపుకోండ్రి. సార్ కారు తియ్యాలె," అన్నాడు పక్కింటి వాచ్‌మన్.

"నాది కాదండీ."

"మీ ఎంబడే వస్తుంది గదా!"

జూబ్లీహిల్స్‌లో ఎత్తు గోడల మీంచి కాగితంపూలు వేలాడుతుంటాయి. చెవుల్లో పాటలు పెట్టుకున్నవాళ్లు తల తిప్పకుండా పరుగెత్తిపోతారు. ఎత్తెక్కేచోట వందన బండ మీద చెయ్యి వేసేది. నిన్నటి ఎండ ఇంకా అందులో వెచ్చగా ఉండేది.

ఆ శనివారం, రోజూ వందన వెనుతిరిగే మలుపు దగ్గర బండ ఆగలేదు. ఆమే దాని వెనకాల వెళ్లింది. బండ వాలు దిగి, యూసుఫ్‌గూడ దాటి, రహమత్ నగర్‌లో ఓ ఇరుకు సందులోకొచ్చి, నల్లా పక్కన ఆగింది. బిందెల వరసలో నిలబడ్డ పెద్దావిడ దాని మీద కూలబడింది.

"హమ్మయ్య! మోకాళ్లు లాగేస్తున్నాయి. ఆ బిందె కాస్త పట్టమ్మా, నా పేరు కరుణాకుమారిలే."

వందన నీళ్లు పట్టింది. లోపలికి మోసింది. టీ తాగింది. తిరిగొచ్చేటప్పుడు పదేపదే పక్కకు చూసుకుంది. బండ రాలేదు. ఆ ఎత్తంతా ఒక్కతే ఎక్కింది.

ఆదివారం సామాను సర్దుకుంది. సోమవారం సాయంత్రం బస్సు. ఆ పొద్దున బండను ఒకసారి చూసొద్దామని వెళ్లింది. కరుణాకుమారి దాని మీదే కూర్చుని ఉంది. పక్కకు జరిగి చోటిచ్చింది.

"నిన్న రాలేదేం? చర్చి నుంచొచ్చాక కూడా చూశాను."

వందన ఆమె పక్కన కూర్చుంది. నల్లాలో నీళ్లొచ్చే చప్పుడైంది.

"ఇక్కడెక్కడైనా గది అద్దెకు దొరుకుతుందా అండీ?" అంది.