బుడాపెస్ట్‌లో గవర్రాజు మేకప్ పెట్టె

నేను ఒక మేకప్ పెట్టెను. టేకు చెక్క ఒళ్లు, లోపల రేకు పొర, మూతకు లోపలి వైపు అద్దం, తెరిస్తే మెట్లలా విచ్చుకునే మూడు అరలు. పాలకొల్లులో సూరిబాబు అనే వడ్రంగి నన్ను చెల్లారావు కోసం చేశాడు. చెల్లారావు నాటకాలకు రంగులు వేసేవాడు. తర్వాత సినిమాల్లో పనికోసం నన్ను చంకన పెట్టుకుని మద్రాసు రైలెక్కాడు. కళ్లు మసకబారాక తన శిష్యుడు గవర్రాజును పిలిచి నన్ను చేతికిచ్చాడు. గవర్రాజు నాతోనే హైదరాబాదు వచ్చి, కృష్ణానగర్‌లో ఇల్లు తీసుకున్నాడు. ఇప్పుడతనికి యాభై ఏడేళ్లు.

ఇన్నేళ్లలో నా అద్దంలో రాజులు, పోలీసులు, దొంగలు, దేవతలు ఎందరో తయారయ్యారు. ఎంత పెద్ద నటుడైనా కుర్చీలో కూర్చుని గడ్డం పైకెత్తగానే మంగలి ముందు కూర్చున్న పిల్లాడిలా అయిపోతాడు. బయట ఎంత గర్జించేవాడైనా కళ్లు మూసుకుని, "గవర్రాజూ, ముక్కు పక్కన కొంచెం చూడు" అని బతిమాలుకుంటాడు. గవర్రాజు చూసేవాడు. చూసింది బయట చెప్పేవాడు కాదు.

అతను చెప్పని వాటిలో అన్నిటికంటే పెద్దది అంబుజగారి మొహం.

అంబుజగారు తల్లి పాత్రలు వేసే నటి. మహమ్మారికి పంతొమ్మిదేళ్ల ముందు ఒక ఉదయం మేకప్ గదిలోకి వచ్చి, తలుపు గడియ పెట్టి, కొంగు తీసి మొహం చూపించింది. పెదవి మూల ఒక తెల్ల మచ్చ. బొల్లి. "ఇది తెలిస్తే నన్నెవరూ పిలవరు గవర్రాజూ" అని ఏడ్చింది. గవర్రాజు ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాడు. నా అరల్లో ఉన్న రంగులు మూడు తీసి, అరచేతిలో కలిపి, ఒక చుక్క పసుపు రంగు చేర్చి, మచ్చ మీద అద్దాడు. మచ్చ కనిపించకుండా పోయింది. ఆ తర్వాత మచ్చ కంటి కిందికి, చెవి పక్కకు పాకింది. అతను దాని వెంటే పాకాడు. సూర్యకాంతికి ఒక రకం పాళ్లు, దీపాల వెలుతురుకు ఇంకో రకం. ఆ లెక్క ఏ కాగితం మీదా లేదు, అతని వేళ్లకే తెలుసు.

మహమ్మారి వచ్చి షూటింగులన్నీ ఆగిపోయాయి. ఏడు నెలలు నేను బీరువా మీద కూర్చున్నాను. ఆగస్టులో గవర్రాజుకు నాలుగు రోజులు జ్వరం వచ్చింది, పౌడరు వాసన కూడా తెలియకుండా పోయింది. భార్య సత్యవేణి పరీక్ష చేయించుకోమంది. "వచ్చిందని తెలిస్తే నా చేతిని ఎవరు మొహం మీద పెట్టనిస్తారే? జరం తగ్గిపోద్దిలే" అన్నాడు. తగ్గిపోయింది. పరీక్ష లేదు, కాగితం లేదు.

అక్టోబరులో అంబుజగారికి ఒక సినిమా వచ్చింది. కనిపించకుండా పోయిన కూతుర్ని వెతుక్కుంటూ బుడాపెస్ట్ వెళ్లే తల్లి కథ. ఆవిడదే ప్రధాన పాత్ర. యాభై రెండేళ్లకు మొదటిసారి! యూనిట్‌లో పద్దెనిమిది మందికే అనుమతి కాబట్టి మేకప్ మనిషిని అక్కడే తీసుకుందామన్నారు. "గవర్రాజు లేకపోతే నేను రాను" అని ఆవిడ ఒక్కమాటలో తేల్చేసింది. గవర్రాజుకు అప్పటికప్పుడు పాస్‌పోర్టు తీశారు. బయలుదేరే ముందు రెండు పరీక్షలు చేస్తే రెండింట్లోనూ ఏమీ లేదని వచ్చింది. సత్యవేణి నా మూత మీద కుంకుమ బొట్టు పెట్టి పంపింది.

బుడాపెస్ట్ హోటల్ గుమ్మంలో అడుగు పెట్టామో లేదో, తెల్ల సూటు తొడుక్కున్న ఒకాయన నా మీద ఏదో మందు కొట్టాడు. సత్యవేణి పెట్టిన బొట్టు కారిపోయింది. చెక్క వస్తువులను శుభ్రం చేయడం కష్టమని గొణుగుతూ నన్ను ప్లాస్టిక్ కాగితంలో చుట్టి టేపు వేశాడు. అక్కడి భద్రతా నియమాలన్నీ ఇల్దికో అనే ఆవిడ చేతిలో ఉన్నాయి. పొడుగాటి మనిషి. మెడలో ఈల, చేతిలో కాగితాలు పెట్టి రాసుకునే అట్ట. చేతికి ఎర్ర పట్టీ కట్టుకున్నవాళ్లు కెమెరా దగ్గరికి వెళ్లొచ్చు. పసుపు పట్టీ వాళ్లు తాడు అవతల, రెండు మీటర్ల దూరంలో ఉండాలి. పట్టీ లేనివాళ్లు అసలు అక్కడికే రాకూడదు. నటులు షాట్ జరిగేటప్పుడే మాస్కు తీయాలి, కట్ అనగానే పెట్టుకోవాలి.

వచ్చిన రోజే మూడో పరీక్ష చేశారు. పద్దెనిమిది మందిలో ఒక్క గవర్రాజుకే పాజిటివ్ వచ్చింది.

ప్రొడక్షన్ మేనేజరు మస్తాన్‌వలి ఫోనులో చెప్పాడు. "అన్నా, పది రోజులు రూమ్‌లోనే ఉండాలంట. ఆ తర్వాత వరసగా రెండు టెస్టుల్లో ఏం లేదని రావాల. అప్పుడే వదుల్తారంట."

"అదేంటండీ మస్తాన్ గారూ, నాకిప్పుడు తుమ్ము కూడా లేదు కదండీ. ఆగస్టులో వచ్చిపోయిందండి అది. దాని తాలూకు ఏదో మిగిలుంటుందండి."

"ఆగస్టులో వచ్చినట్టు కాగితం ఉందా? ఉంటే చూపించమంటావుంది ఆమె. చూపిస్తే ఇప్పుడే వదిలేస్తదంట."

"లేదండి" అన్నాడు గవర్రాజు. దాచడం అలవాటైన మనిషి తన జ్వరాన్ని కూడా దాచుకుని, ఇప్పుడు దాన్ని నిరూపించుకోలేకపోయాడు. నన్నయినా అంబుజగారికి పంపమని అడిగాడు. రోగి గదిలో ఉన్న వస్తువు బయటికి రాకూడదని ఇల్దికో జవాబు. ఆ రకంగా అతనికి, నాకు కలిపి తాళం పడింది.

ఆ గదిలో ఒక కిటికీ ఉంది, అది తెరుచుకోదు. కింద నది, గట్టు మీద పసుపు రంగు ట్రాములు. మూడు పూటలా తలుపు బయట అన్నం డబ్బా పెట్టి, తట్టి పారిపోయేవారు. గవర్రాజు తలుపు తీసేసరికి నడవాలో ఎవరూ ఉండేవారు కాదు. "కుక్కకి పెట్టినా కాసేపు నిలబడి చూస్తారు" అని నాతో అన్నాడు. నిజానికి అద్దంలో తనతోనే అన్నాడేమో.

అంబుజగారికి సీలు వేసిన ఒక కొత్త మేకప్ డబ్బా ఇచ్చారు. సాయానికి అక్కడి అమ్మాయిని పంపుతామన్నారు. కడిగిన మొహం పరాయి పిల్లకు చూపించడం ఇష్టంలేక, ఆవిడ తనే వేసుకుంటానంది. షూటింగ్ మొదలైన రోజు తెల్లవారుజామున వీడియో ఫోను చేసింది.

"చెప్పు గవర్రాజూ, ముందేది?"

గవర్రాజు నా టేపు కోసి, అరలు విప్పి, ఫోను నా మూతకు ఆనించాడు. ఫోనులో రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపించవు. ఎంత చెప్పినా ఆవిడకు పాళ్లు కుదరలేదు. అప్పుడతను ఒక పని చేశాడు. తెల్ల రంగు తీసి తన పెదవి మూల, కంటి కింద, చెవి పక్కన సరిగ్గా ఆవిడ మచ్చల్లాంటి మచ్చలే వేసుకున్నాడు. "ఇప్పుడు నన్ను చూసి చేయండమ్మా" అని, తన మొహం మీది మచ్చలను ఒక్కొక్కటే మూస్తూ పోయాడు. అతను ఎక్కడ అద్దితే ఆవిడా అక్కడే అద్దుకుంది. యాభై ఏళ్లలో ఎన్నో మొహాలు చూశాను. రెండు మొహాలు ఒకేసారి ఒకే మచ్చను దాచుకోవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

పని బాగానే కుదిరింది. దాన్ని పాడుచేసింది మాస్కు.

కట్ అనగానే మాస్కు పెట్టాలి. తీస్తే పెదవి మూల రంగు మాస్కుకు అంటుకుని వచ్చేస్తుంది. చెవి పక్కన దాని తాడు గీసుకుపోతుంది. సరిగ్గా మచ్చలున్న చోటే! ఆవిడ వ్యానులోకి పరుగెత్తి, మళ్లీ వేసుకుని వచ్చేసరికి ఎండ పోతుంది. మొదటి రోజు ఒక్క షాటు అయింది. రెండో రోజు రెండు. మూడో రోజు ఈలలు తప్ప ఏమీ కాలేదు. దర్శకుడు రుత్విక్ కుర్రవాడు, అతనికిది మొదటి సినిమా. "మేడమ్ ఎందుకిన్నిసార్లు వ్యానులోకి వెళ్తున్నారు?" అని మస్తాన్‌వలి మీద అరిచాడట.

ఆ మధ్యాహ్నం ఆవిడ వ్యాను నుంచి ఫోను చేసింది. కాటుక చెదిరి ఉంది.

"టిష్యూ మడిచి లోపల పెట్టుకోమన్నావు, పెట్టాను. పౌడరు రెండుసార్లు వేయమన్నావు, వేశాను. ఏం లాభం? మాస్కు తీస్తే దాంతోపాటు మొహం ఊడొస్తోంది. ఆ అబ్బాయి నాకు ఒళ్లు బాగాలేదనుకుంటున్నాడు."

"ఇంకో వారం రోజులు ఓపిక పట్టండమ్మా. నేను వచ్చేస్తానండి."

"వారం రోజులా? షూటింగే పదహారు రోజులు గవర్రాజూ!"

మరుసటి రోజు కూడా అదే గోల. ఆ మర్నాడు అయిదున్నరకే గవర్రాజు అరలు విప్పి, మొహం కడుక్కుని, తెల్ల రంగు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఫోను రాలేదు. ఆరున్నర అయింది. అతను చేస్తే ఆవిడ ఎత్తలేదు. పదకొండు గంటలకు మస్తాన్‌వలి నుంచి ఫోను వచ్చింది.

"అన్నా, అమ్మ ఇయ్యాల మేకప్ లేకుండానే వచ్చేసింది. మొహం మీద ఆ మచ్చలు... నీకు తెలుసా అన్నా?"

"ముందు ఏమైందో చెప్పండి" అన్నాడు గవర్రాజు.

"మాస్కు తీసి, 'ఇదీ నా మొహం, ఇష్టమైతే తీయి, లేకపోతే టికెట్టు కొను, వెళ్లిపోతా' అనింది డైరెక్టరుతో. ఆ పిల్లోడు బిత్తరపోయాడు. వంతెన మీద కూతురి ఫోటో చూపించి అడిగే సీను ఒక్క టేకులో చేసేసింది. కెమెరామెన్ ఏడ్చాడన్నా. ముందు తీసినవన్నీ మళ్లీ తీస్తారంట."

"సరేనండి" అన్నాడు గవర్రాజు. ఫోను పెట్టేసి నా అరలు మూశాడు. తెల్ల రంగు డబ్బా మూత పెట్టడం మరిచిపోయాడు. అది అలాగే ఎండిపోయింది.

తర్వాతి రోజుల గురించి చెప్పడానికి ఏమీ లేదు. పదో రోజు పరీక్షలో మళ్లీ పాజిటివ్. గవర్రాజు గోడను చేత్తో కొట్టాడు, పక్క గదివాళ్లు హోటల్‌వాళ్లకు ఫిర్యాదు చేశారు. పదమూడో రోజు ఏమీ లేదని వచ్చింది. పదిహేనో రోజు మళ్లీ అదే. పదహారో రోజు పొద్దున తలుపు తెరిచారు. అదే షూటింగ్ ఆఖరి రోజు.

అతను నన్ను పట్టుకుని నది ఒడ్డుకు దాదాపు పరుగెత్తాడు. ఇల్దికో తాడు దగ్గర ఆపింది. ఇచ్చింది పసుపు పట్టీ. అవతల, ఎర్ర పట్టీల మధ్య అంబుజగారు ఆఖరి షాటు చేస్తోంది. గవర్రాజు తాడు పట్టుకుని, అంత దూరం నుంచే కళ్లు చికిలించి ఆవిడ మొహం చూశాడు. కట్ అన్నారు. ఆవిడ మాస్కు పెట్టుకుని తాడుదాకా వచ్చింది.

"కోపమా?"

"కోపం ఉందండమ్మా" అన్నాడు గవర్రాజు. అతను అలా అంటాడని ఆవిడా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. "మీరు చేసింది తప్పని అనట్లేదండి. బాగా చేశారంటున్నారు, బాగానే చేసుంటారు. నాకో మాట చెప్పాల్సిందండి. ఆ పూట నేను మొహం కడుక్కుని కూర్చున్నానండి."

ఆవిడ కళ్లు దించుకుంది. "చెప్తే నువ్వు వద్దంటావని. నువ్వు వద్దంటే నాకు ధైర్యం ఉండేది కాదు."

"అనేవాణ్ణి కాదండి" అన్నాడు. మళ్లీ తనే, "ఏమో, అనేవాణ్ణేనేమోనండి" అన్నాడు.

రెండు మీటర్ల దూరం పాటించమని ఇల్దికో ఈల వేసింది. ఇద్దరూ ఒక్కో అడుగు వెనక్కి వేశారు.

సినిమా మరుసటి వేసవిలో ఓటీటీలో వచ్చింది. గవర్రాజు, సత్యవేణి ఇంట్లో టీవీలో చూశారు. పేర్లలో 'మేకప్: గవర్రాజు' అని పడింది. ఆ సినిమాలో అతను ఒక్కసారి కూడా ముట్టని మొహం కింద అతని పేరు. విడ్డూరం అక్కడితో ఆగలేదు. సమీక్షలు రాసినవాళ్లంతా ఆ మచ్చలను మేకప్ అనుకున్నారు. తల్లి బాధను చర్మం మీద గీసిన గొప్ప పనితనమని పొగిడారు. "అన్నా, అంత సహజంగా ఎలా వేశావ్?" అని తోటి మేకప్‌వాళ్లు ఫోన్లు చేశారు. మూడో రోజు ఒక పెద్ద దర్శకుడు చేశాడు. తన తర్వాతి సినిమాలో హీరో మొహం సగం కాలి ఉంటుంది. ఆ పని గవర్రాజే చేయాలి.

బుడాపెస్ట్ నుంచి వచ్చాక ఇంకో పని లేదు. మహమ్మారి రెండో దశ కూడా వచ్చిపోయింది. గవర్రాజు సాయంత్రం చెప్తానని, ముందు అంబుజగారికి ఫోను చేశాడు.

"మేకప్ అనే చెప్పు గవర్రాజూ" అందావిడ వెంటనే. "నాకేం నష్టం? నీకు పని దొరుకుతుంది. పంతొమ్మిదేళ్లు నా కోసం అబద్ధం ఆడావు, ఒక్కసారి నీ కోసం ఆడుకో."

సత్యవేణి కూడా అదే అంది. సాయంత్రం దాకా అతను నన్ను ముందు పెట్టుకుని, కుంచెలు కడుగుతూ కూర్చున్నాడు. కడిగినవే మళ్లీ కడిగాడు. తర్వాత దర్శకుడికి ఫోను కలిపాడు.

"అయ్యా, కాలిన మొహం నేను బ్రహ్మాండంగా చేస్తానండి. కానీ ఆ సినిమాలో నేనేం చేయలేదండి. అది ఆవిడ సొంత మొహమండి."

 "ఓ. సరే. మా వాళ్లు మీకు ఫోన్ చేస్తారు" అన్నాడు ఆ దర్శకుడు.

చేయలేదు. ఇప్పుడు గవర్రాజు ఒక సీరియల్‌లో పని చేస్తున్నాడు. అక్కడ వాడి పారేసే స్పాంజీలు, ప్లాస్టిక్ డబ్బాలే వాడాలట, చెక్క పెట్టెలు తేకూడదట. నేను మళ్లీ బీరువా మీదికి ఎక్కాను. అంబుజగారికి మాత్రం చేతి నిండా సినిమాలు. ఆవిడ మేకప్ వేసుకోదు.

ఆదివారం పొద్దున ఆవిడ ఫోను చేస్తుంది. ఇద్దరూ కలిసి ముందు ఇల్దికోను తిడతారు, తర్వాత మాస్కు కనిపెట్టినవాణ్ణి తిడతారు, తర్వాత ఆ హోటల్ కూరల్ని తిడతారు. చివర్లో ఆవిడ గొంతు తగ్గించి, "పనేమైనా వచ్చిందా గవర్రాజూ?" అని అడుగుతుంది.

"వస్తాదండమ్మా" అంటాడు గవర్రాజు. "మీరు ఎండలో తిరక్కండి. మచ్చలున్న చోట తొందరగా కమిలిపోద్దండి."