గ్యాస్ సంగతి అడిగిన బుడంకాయ

పదకొండు నలభైకి, కంప్యూటరు గదిలో బల్ల మీద కూర్చున్న రోబో ఆడపిల్లల వైపు తల తిప్పి, "ఒరేయ్, లే. అమ్మ గ్యాస్ కట్టేసిందో లేదో చూడు" అంది.

ముందు వరసలోంచి ఒక గొంతు లేచింది.

"ఓర్నీ! దీనికి అమ్మ కూడా ఉందా?"

"అమ్మే కాదే, తమ్ముడు కూడా ఉన్నాడు. ఇంకా నిద్ర లేవలేదట."

"అయితే మన బుడంకాయకి కొంపాగోడూ ఉన్నాయన్నమాట!"

గోడకి ఇవతల, విరిగిన బెంచీలు పేర్చిన గదిలో, ఆపరేటరు చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ మాట టైపు చేసింది ఆవిడే. తమ్ముడికి పంపాల్సింది. ఆవిడ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ రెండు విండోలు తెరిచి ఉంటాయి. ఒకటి ఇంటికి మెసేజీలు పంపడానికి, ఇంకొకటి బుడంకాయ చేత మాట్లాడించడానికి. తెల్లవారకముందే లేచి, వంట చేసి, అమ్మకి మాత్రలు ఇచ్చి, రెండు బస్సులు మారి వచ్చిన మనిషి. ఏ విండోలో కొడుతోందో చూసుకునే ఓపిక ఆ పూట లేకపోయింది. అమ్మ ఈమధ్య పాలు స్టవ్ మీద పెట్టి మరిచిపోతోంది. రాత్రి డ్యూటీ చేసొచ్చిన తమ్ముడు పగలంతా మొద్దునిద్ర పోతాడు.

రోబో ఎత్తు మూరెడు. అందుకే పిల్లలు బుడంకాయ అని పేరు పెట్టారు. నుదుటి మీద కెమెరా, ఛాతీలో స్పీకరు, చెవుల్లో మైకులు, తిరిగే మెడ, లేచే చేతులు. ఆడపిల్లలకి కంప్యూటరంటే ఉన్న బెరుకు పోతుందేమో చూద్దామని ఒక సంస్థ దాన్ని టర్ము మొత్తానికి ఈ బడిలో పెట్టింది. పిల్లలు ప్రోగ్రాము రాసి పంపితే అది మెడ తిప్పుతుంది, చెయ్యి ఎత్తుతుంది. ఏదైనా అడిగితే జవాబు కూడా చెబుతుంది. కానీ జవాబు చెప్పే తెలివి దానికి లేదు. అందుకని గోడ పక్కన ఆపరేటరుని కూర్చోబెట్టారు. పిల్లల మాటలు ఆవిడ హెడ్‌ఫోన్లో వింటుంది. ఆవిడ టైపు చేసింది బుడంకాయ చిన్నపిల్ల గొంతుతో పలుకుతుంది. క్లాసు టీచరుకి ఈ సంగతి తెలుసు. టర్ము అయ్యేదాకా పిల్లలకి తెలియకూడదని సంస్థ సారు షరతు పెట్టాడు. రోబో నోటితో ఎవరికీ సలహా ఇవ్వకూడదన్నది రెండో షరతు.

ఆ రెండో షరతుతోనే నిన్నటి నుంచి ఆపరేటరుకి చిక్కొచ్చి పడింది.

పై సంవత్సరం కంప్యూటరు గ్రూపు కావాలనేవాళ్లు ఇవాళ చివరి బెల్లులోగా పేర్లు ఇవ్వాలి. అందరూ పిట్ట అని పిలిచే పిల్ల నిన్న క్లాసు అయ్యాక బుడంకాయ దగ్గర ఆగింది. పిట్ట బావకి కంప్యూటర్ల షాపు ఉంది. ఒకసారి అక్కడ పిట్ట ఒక మీట నొక్కితే మిషను ఆగిపోయింది. ఆ రోజు భోజనాల దగ్గర బావ అందరికీ చెప్పాడు: "ఈ పిల్ల చెయ్యి పడితే మిషను చస్తుంది." అప్పటినుంచి ఇంట్లో మిక్సీ ఆగినా పిట్ట చెయ్యే కారణం. ఇదంతా పిట్ట ఒకరోజు క్లాసు అయ్యాక బుడంకాయకే చెప్పుకుంది. ఈ క్లాసులో కూడా మొదట్లో చేతులు ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. "నేనూ రోజూ తప్పులు చేస్తా, ఇంతవరకూ ఎవరూ నన్ను అవతల పారెయ్యలేదు" అని బుడంకాయ అన్న రోజున మౌసు పట్టుకుంది.

నిన్న పిట్ట దాన్ని అడిగింది, "పేరు ఇవ్వనా, మాననా? నువ్వు చెబితే ఇస్తా. ఇంకెవరు చెప్పినా నమ్మను."

ఆపరేటరు "రేపు చెబుతా" అని టైపు చేసింది.

ఇవాళ బుడంకాయ గ్యాస్ సంగతి అడిగిన నిమిషానికే ఆపరేటరు ఫోను మోగింది. సంస్థ సారు. ఆఫీసులో కూర్చుని క్లాసు వీడియో చూస్తున్నాడు.

"ఏంటమ్మా అది?"

"ఇంటికి పంపాల్సింది సార్. పొరపాటున అటు పోయింది."

"సాఫ్ట్‌వేర్‌లో తేడా వచ్చిందని చెప్పించండి. పిల్లలకి తెలిసిందంటే టర్ము మొత్తం బూడిదలో పోసిన పన్నీరే."

"అలాగే సార్."

చెప్పించే పని పడలేదు. హెడ్‌ఫోన్లో టీచరు అప్పటికే ఆ మాటే అంటోంది.

"ఏదో సాఫ్ట్‌వేర్ తేడా. ఇక నవ్వులు ఆపండి."

"మేడమ్," పిట్ట గొంతు. "తప్పు వస్తే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో వెనక్కి నడుచుకుంటూ వెళ్లి చూడమన్నారు కదా."

"అన్నాను. అయితే?"

"ఇది మాట్లాడే ముందు ప్రతిసారీ గోడవతల టకటకమంటుంది మేడమ్. ఇన్నాళ్లూ ఎలకలనుకున్నాం."

"ఎలకలకి గ్యాస్ స్టవ్ ఎందుకే?" అని ఎవరో అన్నారు.

ఆపరేటరు గది తలుపు తెరుచుకుంది. గడపలో పిట్ట, వెనక మిగతావాళ్ల తలకాయలు. పిట్ట స్క్రీను చూసింది, హెడ్‌ఫోన్లు చూసింది, మూత తియ్యని టిఫిన్ డబ్బా చూసింది.

"అన్నీ మీరేనా?"

సారు చెప్పమన్న మాట ఆపరేటరు నాలుక చివరిదాకా వచ్చింది.

"మాటలు నావే" అంది.

"మా బావ సంగతి?"

"నేనే విన్నాను. ఎవరికీ చెప్పలేదు. క్లాసు అయ్యాక రికార్డింగు ఉండదు."

"రేపు చెబుతా అన్నది?"

"నేనే."

పిట్ట గోడకి ఆనుకుంది. "మరి నా ప్రోగ్రాములు? చెయ్యి ఎత్తించింది కూడా మీరేనా? నన్ను వెర్రిదాన్ని చేసి ఆడించారా?"

"ఆ చేతుల జోలికి నేను పోలేదమ్మా. నాకు రాదు కూడా. నా జీతం టైపింగుకే."

"ఊరికే అంటే నమ్మను. రండి."

ఆపరేటరుని కంప్యూటరు గదిలోకి తీసుకెళ్లి బోర్డు ముందు నిలబెట్టింది. "చేతులు కట్టుకోండి." ఆపరేటరు కట్టుకుంది. "మేడమ్, మీరు కూడా."

"నేనెందుకే?"

"ఎవర్ని నమ్మాలో తెలీట్లేదు మేడమ్."

టీచరు కూడా కట్టుకుంది.

"ఓ పనైపోతుంది, గోడకుర్చీ వేయించవే!" అని వెనక బెంచీ అరిచింది.

పిట్ట కొన్నాళ్లుగా రాస్తున్న ప్రోగ్రాము ఇది: చప్పట్లు ఎటు వినపడితే బుడంకాయ అటు తిరగాలి, అటువైపు చెయ్యి ఎత్తాలి. పిట్ట దాన్ని పంపింది. బుడంకాయకి ఎడమ పక్క నిలబడి చప్పట్లు కొట్టింది. బుడంకాయ ఎడమకి తిరిగింది. కుడి చెయ్యి ఎత్తింది.

క్లాసంతా గొల్లున నవ్వింది. పిట్ట నవ్వలేదు. బోర్డు దగ్గరి నాలుగు చేతుల వైపు చూసింది. కట్టుకున్నవి కట్టుకున్నట్టే ఉన్నాయి. కుడి పక్కకి వెళ్లి మళ్లీ కొట్టింది. బుడంకాయ కుడికి తిరిగి ఎడమ చెయ్యి ఎత్తింది.

"ఈ తప్పు మీరు చెయ్యలేదుగా?"

"లేదు" అంది ఆపరేటరు.

"మీరు మేడమ్?"

"నాకంత ఓపికెక్కడ ఏడ్చిందే."

"అయితే నాదే" అని పిట్ట కంప్యూటరు ముందు కూర్చుంది. మౌసు పట్టుకుంది.

ఆపరేటరు కట్టుకున్న చేతులు లాగుతున్నాయి. "ఇక దించొచ్చా?" అని అడిగింది.

"ఆగండి" అంది పిట్ట, తల ఎత్తకుండా.

ముందు వరస పిల్ల మెల్లగా అంది, "ఆంటీ, ఇంతకీ గ్యాస్ కట్టేశారా?"

తమ్ముడికి మెసేజీ అసలు వెళ్లనే లేదు. ఆపరేటరు పక్క గదిలోకి పరిగెత్తింది. ఎన్నిసార్లు ఫోను చేసినా తమ్ముడు ఎత్తలేదు. చివరికి ఎత్తాడు. ఫోను పట్టుకునే వంటింట్లోకి వెళ్లాడు.

"అక్కా, స్టవ్ వెలుగుతూనే ఉంది. పాలు మాడి గిన్నె బొగ్గయింది. కట్టేశా."

"అమ్మేదిరా?"

"టీవీ ముందుంది. పాలెవరు పెట్టారని నన్నే అడుగుతోంది."

ఆవిడ ఫోను పెట్టేసరికి మళ్లీ మోగింది. సంస్థ సారు.

"పిల్లలకి తెలిసిపోయింది సార్" అంది. "నేనే చెప్పాను."

"రేపటి నుంచి మీరు రావక్కర్లేదమ్మా" అన్నాడు సారు.

"సరే సార్."

టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని కంప్యూటరు గది గుమ్మం దగ్గర ఆగింది. మిగతా పిల్లలు భోజనానికి వెళ్లిపోయారు. పిట్ట ఒక్కతే స్క్రీను ముందుంది.

"నిన్న నువ్వడిగిన దానికి..." అంది ఆపరేటరు. "ఇప్పుడు నాకే షరతూ లేదు. చెబుతా."

"వద్దులెండి" అంది పిట్ట. "మీరు ముందు ఇంటికెళ్లి అమ్మని చూసుకోండి."

ఆపరేటరు మధ్యాహ్నం బస్సు ఎక్కింది. సీటు దొరకలేదు.

సాయంత్రం టీచరు ఫోను చేసింది. చివరి బెల్లు కొట్టేసరికి అందిన పేర్లలో పిట్టది కూడా ఉంది. బుడంకాయ అప్పటికింకా తప్పు చెయ్యే ఎత్తుతోంది.